మంచుబండి ముక్కు

"ముక్కు బరువైంది సాబ్. ఇది మంచుల మునుగుతది."

సుబ్బారావు తల తిప్పి చూశాడు.

పక్క గోదాము వాచ్‌మన్. యాభై దాటిన మనిషి. పేరు ఖయ్యూమ్ అని చొక్కా మీది బిళ్ల చెబుతోంది. మంచుబండి ముందుభాగాన్ని రెండు చేతులతో ఎత్తి, బరువు చూస్తున్నాడు.

"భాయ్! వాచ్‌మన్ అంటే వాచ్ చెయ్యాలి, టచ్ చెయ్యకూడదు!"

గ్యారేజీ గొల్లుమంది. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో సుబ్బారావు స్పానర్‌కి ఎంత పేరుందో, నోటికి అంతకు రెండింతలుంది.

ఎడారిలో మంచుబండేమిటని, అంటే స్నోమొబైలేమిటని ఆశ్చర్యపోకండి. ఓ ఖతారీ ఆసామికి ఏటా జార్జియా దేశపు మంచుకొండల్లో తిరగడం సరదా. లోతు మంచులో కూరుకుపోకుండా బండిని మార్చి ఇమ్మన్నాడు. ఇసుక దిబ్బలెక్కే బండ్లను పదహారేళ్లుగా మలుస్తున్న సుబ్బారావుకి ఇసుకయినా మంచయినా ఒకటే.

వెనక చక్రాల బదులు తిరిగే పట్టా పొడవు పెంచాడు. ముందున్న జారుడు పలకలు వెడల్పు చేశాడు. యార్డులో ఇసుక మీద నడిపి చూస్తే, అయిదు నిమిషాల్లో ఇంజన్ పొగలు కక్కింది.

అందుకే ముక్కు దగ్గర పెద్ద రేడియేటరూ, దానికి రెండు ఫ్యాన్లూ బిగించాడు.

"రేడియేటర్ కాదురా అమర్, రెడీయేటర్! శనివారానికి బండి రెడీ!"

అమర్ అతని మేనల్లుడు, గ్యారేజీలోనే మెకానిక్. బండితోపాటు జార్జియా వెళ్లాల్సింది అతనే. ఆసామి ఎక్కేముందు తనే నడిపి చూపించాలి.

ఖయ్యూమ్ కదల్లేదు.

"పట్టా, పలకలు మంచిగ చేసిన్రు సాబ్. ఈ రేడియేటర్ ఒక్కటి తీసెయ్యుర్రి. బండి ఉరుకుతుంటే పట్టా మంచును ఎగజిమ్ముతది. ఆ మంచు తగిలే ఇంజన్ సల్లబడతది. వేడెక్కుడు బండి బీమారి కాదు. ఈడ మంచు లేదు, గంతే."

"ఓహో! మంచు గురించి నీకెలా తెలుసు? సోడా కొట్లో ఐసు కొట్టావా?"

"లేదు సాబ్, నేను..."

"పోనీ, చార్మినార్ దగ్గర ఐస్‌ఫ్రూట్ బండి తోలావా? అదీ మంచుబండే మరి!"

మళ్లీ గొల్లుమన్నారు. ఖయ్యూమ్ కూడా సన్నగా నవ్వాడు. నోటిదాకా వచ్చిన మాటను మింగి వెళ్లిపోయాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఈసారి అమర్‌ని పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టి చూపించాడు.

"మామయ్యా, ఆ రేడియేటర్ ఒకసారి తీసి చూద్దామా?" అన్నాడు అమర్ లోపలికి వచ్చి.

"తీస్తే ఇంజన్ కాలుతుంది. దాంతోపాటు నా పరువూ కాలుతుంది. వాడి మాట విని నా పదహారేళ్ల పని మార్చుకోవాలా?"

మూడోరోజు పొద్దున ఖయ్యూమ్ గేటు దగ్గరే నిలబడ్డాడు.

"సాబ్, ఒక్క నిమిషం ఇనుర్రి. పోరడు ఎక్కుతుండు గదా దాని మీద."

"మునుగుతుందో తేలుతుందో అక్కడికెళ్లాకే తేలుతుంది! యల్లా, యల్లా, నీ డ్యూటీ చూసుకో."

అతను వెళ్లాక కూడా సుబ్బారావుకి ఒళ్లు మంట తగ్గలేదు. గోదాము గోడ మీద రాసి ఉన్న సెక్యూరిటీ కంపెనీ నంబరుకి ఫోన్ చేశాడు.

"మీ వాచ్‌మన్ గోదాము వదిలేసి మా గ్యారేజీకి కాపలా కాస్తున్నాడండీ. మూడు రోజులైంది."

ఆ తర్వాత ఖయ్యూమ్ కనిపించలేదు. పీడ విరగడైందనుకున్నాడు సుబ్బారావు.

బండి జార్జియా చేరిన రెండోరోజు ఫోన్ వచ్చింది.

మెత్తటి మంచులో వాలు దిగుతుంటే బండి ముక్కు పైకి లేవలేదు. నాగలి కర్రులా దిగబడి పల్టీ కొట్టింది. కింద అమర్, పైన బండి, ఆ పైన మంచు. తవ్వి బయటికి తీసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

ప్రాణం దక్కింది. కుడి మోకాలు నుజ్జయింది. ఇక మునుపటిలా వంగదన్నారు డాక్టర్లు.

రెండు వారాల తర్వాత దోహా ఆసుపత్రికి మార్చారు. సుబ్బారావు మంచం పక్కన కూర్చున్నాడు. అమర్ కాలి మీద దుప్పటి సరిచేశాడు.

అమరే మాట్లాడాడు.

"మామయ్యా, ఖయ్యూమ్ భాయ్ ఆరోజు నాతో ఏం చెప్పాడో తెలుసా? 'మంచు నీ మీద పడితే హ్యాండిల్ ఇడ్శిపెట్టు బేటా. చేతులు ముఖానికి అడ్డం పెట్టుకో. గాలికి జాగా ఉండాలె' అన్నాడు. అదే చేశాను. అందుకే ఊపిరి అందింది."

సుబ్బారావు తల దించుకున్నాడు.

"ఆయన్నొకసారి తీసుకురావా మామయ్యా?"

సుబ్బారావు అటునుంచి అటే గోదాముకి వెళ్లాడు. గేటు దగ్గర కొత్త మనిషి లేచి నిలబడ్డాడు. బిళ్ల మీద బుర్హానుద్దీన్ అని ఉంది.

"ఖయ్యూమ్ భాయ్ కోసమా సాబ్? ఆయన లేడు. కంపెనోళ్లు వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిన్రు. నేను ఆయన రూమోణ్నే."

"ఎందుకు పంపారు?"

"డ్యూటీ ఇడ్శి తిరుగుతుండని ఎవరో ఫోన్ చేసిన్రంట. బిడ్డ సదువు అయిపోయేదాక ఈడనే ఉందామనుకున్నడు, పాపం."

ఆ ఫోన్ చేసింది తానేనని చెప్పాలనుకున్నాడు సుబ్బారావు. గోడ మీది కంపెనీ నంబరు వైపు చూశాడు.

"ఖయ్యూమ్ భాయ్ నంబరుంది సాబ్. ఫోన్ కలపాల్నా?"

"వద్దు... ఇప్పుడొద్దు." వెళ్లబోతూ వెనక్కి తిరిగాడు. "ఆయనకి మంచుబండి సంగతులు ఎలా తెలుసు?"

బుర్హానుద్దీన్ వింతగా చూశాడు.

"మీకు చెప్పలేదా సాబ్? ఫౌజ్‌ల ఉన్నప్పుడు, సియాచిన్ పొయ్యే జవాన్లకు పన్నెండేండ్లు మంచుబండి నడుపుడు నేర్పిన సుబేదార్ గదా ఆయన!"