ఆపేసిన బౌట్

మైపాడు బస్టాండు పక్కన షాహుల్‌కి బోటింజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. సాయంత్రమైతే అక్కడ ఇంజన్ల చప్పుడు కంటే ఏ బాక్సర్ గొప్ప అన్న గొడవే ఎక్కువ.

అక్కడ చేరే ముగ్గురివీ మూడు పార్టీలు. షాహుల్‌ది అలీ పార్టీ. టీకొట్టు పెంచలకృష్ణది టైసన్ పార్టీ. ఐసు ఫ్యాక్టరీలో గడ్డలు మోసే ఫ్రెడ్డీది ఫ్రేజర్ పార్టీ.

వాళ్లలో నిజంగా రింగెక్కినవాడు ఫ్రెడ్డీ ఒక్కడే. అందుకని చివరి మాట తనదే కావాలంటాడు. మిగతా ఇద్దరూ ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ఆ రోజు బెంచీ చివర ఒక కొత్త మనిషి కూర్చున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. టీ తెప్పించుకున్నాడు గానీ తాగడం లేదు. ఫ్రెడ్డీనే చూస్తున్నాడు.

"టైసన్ గుద్దు ముందు మీ అలీ నిలబడడు," అన్నాడు పెంచలకృష్ణ.

"ఫోర్‌మన్ లాంటి బాక్సర్ గుద్దులకే నిలబడినోడికి టైసన్ ఒక లెక్కా? తాళ్లకి ఆనుకోని అన్నీ తిన్నాడు, ఆఖర్న ఇచ్చినాడు. ఎన్ని దెబ్బలైనా తట్టుకోవడమే అలీ బలం," అన్నాడు షాహుల్.

"బలహీనత కూడా అదే," అన్నాడు కొత్త మనిషి.

ముగ్గురూ తిరిగి చూశారు.

"అన్ని దెబ్బలు తిన్న తల ఊరుకుంటుందా? తరవాత చేతులు వణికే జబ్బొచ్చింది కదా. ఎవరో ఒకరు ముందే ఆపి ఉండాల్సింది."

ఆపడమనే మాట వింటే ఫ్రెడ్డీకి ఒళ్లు మండుతుంది.

"మనీలాలో మీ అలీతో కొట్లాడేటప్పుడు ఫ్రేజర్ని అట్టనే ఆపినాడు సొంత కోచ్. ఇంక ఒక్క రౌండే ఉండాది. మనిషి లేస్తా ఉంటే కూర్చోబెట్టినాడు. నేనైతే జన్మలో క్షమించను."

"ఆయనకి కళ్లు మూసుకుపోయాయి కదా బాబూ."

"చేతులుండాయి గదా."

కొత్త మనిషి టీ గ్లాసు పక్కన పెట్టి, "నీకు తలనొప్పులేమన్నా వస్తుంటాయా?" అని అడిగాడు.

ఫ్రెడ్డీ బిత్తరపోయాడు.

"చేతులు వణకడం, మాట తడబడటం... అలాంటివేమీ లేవు కదా?"

పెంచలకృష్ణ షాహుల్‌ని షెడ్డు లోపలికి లాగాడు.

"ఎవురన్నా ఈయన? నిన్న గూడా వచ్చి ఫ్రెడ్డీ ఇల్లు యాడని అడిగినాడు. ఇప్పుడు ఒంట్లో ఎట్టుందని ఆరా తీస్తుండాడు. కిడ్నీల బ్రోకరేమో."

"ఫోటో తీసి పెట్టుకో," అన్నాడు షాహుల్.

పెంచలకృష్ణ మెసేజ్ చూస్తున్నట్టు నటిస్తూ ఫోన్‌లో ఫోటో తీశాడు.

బయట ఫ్రెడ్డీ అప్పటికే లేచి నిలబడ్డాడు. "రా షాహులన్నా. ఫ్రేజర్ ఎడమ చెయ్యి ఎట్ట తిరగతాదో చూపిస్తా."

ఆడుకుంటున్నట్టే మొదలుపెట్టారు. షాహుల్ వెనక్కి తగ్గుతూ నేల మీది పైపు తట్టుకుని ఇంజను మీదికి వాలిపోయాడు. ఊపులో ఉన్న ఫ్రెడ్డీ ఆగలేదు.

ఆ ముసలాయన ఎప్పుడు లేచాడో ఏమో, ఇద్దరి మధ్యా ఉన్నాడు. ఒక చెయ్యి ఫ్రెడ్డీ రొమ్ము మీద ఆనించి, రెండో చెయ్యి తల మీదుగా అడ్డంగా ఊపుతున్నాడు.

ఫ్రెడ్డీ ముఖం మారిపోయింది.

ముప్పై ఏళ్ల కింద నెల్లూరులో రాష్ట్ర పోటీల ఫైనల్. గెలిస్తే రైల్వేలో ఉద్యోగం. ఫ్రెడ్డీ ఇంకా నిలబడే ఉన్నాడు. రిఫరీ ఇలాగే అడ్డొచ్చి, ఇలాగే చెయ్యి ఊపి, బౌట్ ఆపేసి అవతలివాడిని గెలిపించాడు. ఆ రాత్రే ఫ్రెడ్డీ ఆస్పత్రి పాలయ్యాడు, అవమానానికి జ్వరం ముంచుకొచ్చిందన్నారు. బయటికొచ్చాక గ్లవ్స్ తీసుకెళ్లి సముద్రంలో పారేశాడు. రిఫరీ అమ్ముడుపోయాడని ఊరంతా చెప్పాడు. ఇప్పటికీ చెబుతూనే ఉన్నాడు.

"నువ్వే గదా."

"నేనే బాబూ."

"ఎవురికి అమ్ముడుపోయినావు ఆ రోజు?"

ముసలాయన ఫ్రెడ్డీ రొమ్ము మీది చెయ్యి తీసేశాడు.

"అడిగిందానికి జవాబు చెప్పు."

"నిన్నొకసారి చూసి పోదామని వచ్చాను. చూశాను."

"చూసినావు గదా. అదిగో బస్సు. ఎక్కు."

ఆయన బస్సు వైపు నడిచాడు.

"ఫోటో ఉండాది. గ్రూపులో పెట్టేదా?" అన్నాడు పెంచలకృష్ణ.

"పెట్టు. అమ్ముడుపోయిన రిఫరీ అని రాయి. అందరూ చూడనీ."

పెట్టేశాడు. వెంటనే తిట్లు మొదలయ్యాయి.

నెల్లూరు నుంచి అదే బస్సులో వచ్చిన ఫ్రెడ్డీ భార్య రెజీనా, బస్సు దిగుతూ ఎక్కుతున్న ఆయన్ని చూసింది. ఆయన రెండు చేతులూ జోడించాడు. ఆయనెవరో ఆమెకు గుర్తొచ్చింది. తేరుకునేసరికి బస్సు కదిలిపోయింది.

ఆమె గబగబా షెడ్డు దగ్గరికి వచ్చింది.

"ఆయన మన కోసమే వచ్చినాడా? ఇంటికి తీసకపోయి ఇంత అన్నమన్నా పెట్టినావా?"

"వాడికి అన్నమా? నా బతుకు ఆపేసినోడికి?"

రెజీనా బెంచీ మీద కూలబడింది.

"ఆ పోటీ తరవాత నీకొచ్చింది జొరం కాదయ్యా. నీ తలలో రక్తం గడ్డ కట్టింది. ఇంకొక్క దెబ్బ పడుంటే దక్కేవాడివి కాదని డాక్టరు చెప్పినాడు."

షాహుల్ పెంచలకృష్ణ చేతిలోని ఫోన్‌కి చెయ్యి చాపాడు. పెంచలకృష్ణ గ్రూపులోంచి ఫోటో తీసేయాలని చూస్తున్నాడు. అప్పటికే అది ఇంకెన్నో గ్రూపుల్లోకి వెళ్లిపోయింది.

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు ఫ్రెడ్డీ.

"ఆయన నిన్ను కాపాడినాడని తెలిస్తే ఆట మీద కోపం పోయి, నయమైనాక మళ్లీ రింగెక్కుతావని. ఆ తరవాత చెప్పను నోరు రాలేదు."

ఆమె బస్సు వెళ్లిన దారి వైపు చూసింది.

"'నేను అమ్ముడుపోయినానని అనుకోనీమ్మా, ఆట మీద అసహ్యం పుడితేనే మీ ఆయన నీకు మిగుల్తాడు' అని ఆస్పత్రిలో నా దగ్గర మాట తీసుకుంది ఆ రిఫరీయేనయ్యా."