అడ్వాన్సు రసీదు

ఆ ఆదివారం పొద్దున్నే తలుపు కొట్టిన మనిషిని సూర్యారావు అంతకుముందెప్పుడూ చూడలేదు.

సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. పేరు అచ్చయ్య అన్నాడు. వీడియో గేముకు కట్టిన అడ్వాన్సు రసీదు ఇమ్మన్నాడు.

ఆ మాటతో సూర్యారావు మనసు చివుక్కుమంది.

ఆయన రాయపూర్ రైల్వేలో ఫిట్టరు. ఆ ఏడు, అంటే తొంభై ఏడులో, బజారులో ఒక దుకాణం కొత్త గేము వస్తోందంటూ పెద్ద బోర్డు పెట్టింది. కొండల మీదుగా ఎగిరే గుర్రం, దాని మీద కత్తి పట్టిన పిల్ల. కూతురు పైడి బడి నుంచి వస్తూ రోజూ ఆ బోర్డు ముందు ఆగిపోయేది.

“ఆ పిల్లని నేనే నాన్నా,” అనేది.

సూర్యారావు గేము రాకముందే డబ్బు కట్టేశాడు. తీరా వచ్చాక టీవీలో గుర్రమూ లేదు, పిల్లా లేదు. నాలుగు చుక్కలు గెంతుతున్నాయంతే. కొనేముందే చూసుకోవాల్సిందన్నాడు దుకాణదారు. పైడి ఏడవలేదు. గేమును మళ్ళీ డబ్బాలో సర్ది మంచం కిందకు తోసేసింది.

ఆ దుకాణం మీద కన్స్యూమర్ ఫోరంలో కేసు వేద్దామన్నాడు అచ్చయ్య.

“పిల్లలాటకి కేసేటండీ? ఛోడ్ దీజియే, వొగ్గేయండి.”

“సూడకుండా కొన్నాం, పోన్లే అని మనం వొగ్గేస్తే, ఆడు రేపు మరో పిల్లకి ఇలాగే అమ్ముతాడు బాబూ. మీరు సంతకం పెట్టండి సాలు. తిరగడం నేను తిరుగుతాను.”

సూర్యారావు ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి సంతకం పెట్టాడు. లోపలికి రమ్మనలేదు.

ఏడాదిలో మరో మూడుసార్లు వచ్చాడు అచ్చయ్య. వచ్చినప్పుడల్లా పైడి ఎలా ఉందని అడిగేవాడు. ఇందులో ఈయనకేదో లాభం ఉండే ఉంటుందని సూర్యారావు తోటివాళ్ళతో అన్నాడు కూడా.

చివరికి తీర్పు వచ్చింది. అడ్వాన్సు కట్టిన ఇరవై ముగ్గురికీ డబ్బు వాపసు ఇవ్వాలి, ఆ బోర్డు తీసేయాలి.

సూర్యారావు సెలవు పెట్టి ఫోరం ఆఫీసుకు వెళ్ళాడు. అచ్చయ్య కనిపిస్తే ఇంటికి భోజనానికి పిలవాలనుకున్నాడు. ఆయన తీర్పు విన్న మర్నాడే ఊరు వదిలి వెళ్ళిపోయాడని, ఎక్కడికో చెప్పలేదని గుమాస్తా అన్నాడు.

సంతకం కోసం గుమాస్తా ఫైలు ముందుకు జరిపాడు. డబ్బు కట్టిన ఇరవై ముగ్గురి పేర్లూ ఉన్నాయి. అందులో అచ్చయ్య పేరు లేదు.

కింద సాక్షి వాంగ్మూలం అని అచ్చయ్య సంతకంతో ఒక కాగితం ఉంది. హిందీలో ఉన్న ఆ చేతిరాతను సూర్యారావు కూడబలుక్కుని చదివాడు.

“ఆ ఆట ఎలా ఉంటుందో నేను చూడలేదు, దుకాణదారు చెప్పింది విని, ఎగిరే గుర్రాన్నీ దాని మీది పిల్లనీ బోర్డు మీద వేసిన పెయింటరును నేనే.”