అద్దె కాపలా

"మీ వెబ్‌సైట్ ఈరోజే ఆపెయ్యండి."

తలుపు తీసిన ప్రోగ్రామర్‌తో ఆవిడ అన్న మొదటి మాట అది.

యాభై ఏళ్లుంటాయి. పొట్టి జుట్టు. మూడంతస్తులెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

"ఎందుకు ఆపాలండీ?"

"మీ సైట్‌కి ఎవరెవరు వస్తున్నారో బయటపడబోతోంది."

అతనికి నవ్వొచ్చింది. ఆ సైట్ పనే దాచిపెట్టడం. నలుగురూ పంపిన క్రిప్టో నాణేలను కలగలిపేసి, ఎవరివి ఎవరికి చేరాయో పోల్చుకోలేకుండా పంపుతుంది.

ఆస్పత్రి అక్రమాలు బయటపెట్టి ఉద్యోగం పోగొట్టుకున్న హెడ్ నర్సుకు, తోటి నర్సులు కేసు ఖర్చులు పంపుతున్నది అందులోంచే. పేర్లు తెలిస్తే వాళ్ల ఉద్యోగాలూ పోతాయి.

వాళ్లలో అతని భార్య కూడా ఉంది. పెళ్లయి రెండు నెలలు.

"మేం ఎవరి వివరాలూ రాసిపెట్టుకోం."

"మీరు రాయరు. సైట్‌లో హ్యాకర్లు దూరకుండా మీరు అద్దెకి తెచ్చుకున్న కాపలా కంపెనీ రాస్తుంది. ఎవరొచ్చినా వాళ్ల కంప్యూటర్ దాటాకే కదా మీ సైట్ తెరుచుకునేది? ఏ నెట్ నుంచి, ఏ రోజు, ఎన్నింటికి, అన్నీ అక్కడ పడతాయి."

"అంత పెద్ద కంపెనీకి మా నర్సులతో ఏం పని?"

"దానికి లేదు. ఆస్పత్రికి ఉంది."

"ఇంతకీ మీరెవరు?"

ఆవిడ తటపటాయించింది. "చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు."

"అర్థమైంది. ఇంకో కంపెనీ కాపలా అంటగట్టడానికి వచ్చారు."

"చదువుకున్న మూర్ఖుడివయ్యా నువ్వు," అందావిడ పళ్లు బిగించి.

అతను ధడాలున తలుపు వేశాడు.

"ఎవరు?" లోపల్నుంచి భార్య.

"ఎవరో తిక్కావిడ. నీ టీ చల్లారిపోతోంది."

"నాది కాదు, మనది. ఒక్క కప్పే కడిగాను."

నాలుగో రోజు, డ్యూటీ మధ్యలోనే ఇంటికొచ్చేసింది భార్య. చేతిలో ఒక కాయితం.

ఆమెతో కలిపి పంతొమ్మిది మంది నర్సుల తొలగింపు. ఎవరు ఎప్పుడు ఆ సైట్ తెరిచారో నిమిషాలతో సహా ఉంది.

"నువ్వు భయం లేదంటేనే కదా వాళ్లందర్నీ ఒప్పించాను," అంది భార్య. "పాలు తాగే పిల్లలున్నవాళ్లు ముగ్గురున్నారు ఇందులో. వాళ్లకేం చెప్పమంటావు?"

అతనికి ఒళ్లు మండిపోయింది. ముందే అంత తెలిసిందంటే, వివరాలు ఆస్పత్రికి ఇచ్చింది ఆ రోజు తలుపు దగ్గరికొచ్చినావిడే.

నేరుగా కాపలా కంపెనీ ఆఫీసుకెళ్లి రిసెప్షన్ బల్ల మీద గుద్దాడు.

"పొట్టి జుట్టావిడ మీ మనిషేనా? సోమవారం సాయంత్రం మా ఇంటికొచ్చి బెదిరించింది. మా నర్సుల వివరాలు అమ్ముకుంది ఆవిడే. పిలవండి బయటికి."

రిసెప్షనిస్ట్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నోరు జారకండి సార్. ఆ వివరాలు ఆస్పత్రికి ఇవ్వనని మూడు వారాలు మొండికేసిందనే, సోమవారం మధ్యాహ్నం ఆవిడ్ని ఉద్యోగంలోంచి తీసేశారు."