మూరెడు కేబుల్

హార్డ్‌డిస్కులకు వాడే కేబుల్‌ని చిన్నకోడలు తన కంప్యూటర్‌కి గుచ్చి, రెండో కొసని పెద్దకోడలి కంప్యూటర్ వైపు చాచింది.

"నెట్‌వర్క్‌లో పంపితే సాయంత్రమైపోతుంది అక్కా. రెండింటినీ నేరుగా కలిపేస్తే పెళ్లి వీడియో మొత్తం టీ తాగేలోగా వచ్చేస్తుంది."

"చూశావమ్మా పెద్దకోడలా, బుర్రంటే అదీ!" అంటూ స్టూడియో తలుపు తీసుకుని వెళ్లిపోయారు మామగారు.

పెద్దకోడలు కీబోర్డుని విసురుగా పక్కకు నెట్టింది. ఇన్నేళ్లుగా ఇక్కడ ఎడిటింగంతా తనదే. ఏనాడూ ఆయన నోట ఇలాంటి మాట రాలేదు. ఆ కేబుల్ పనిచేయకుండా పోవాలని మనసులోనే మొక్కుకుంది.

కేబుల్ అసలు అందనే లేదు. మూరెడే ఉంది.

"పొడుగుది దొరకలేదా పాపం?" అంది, లోపల సంబరపడుతూ.

"దొరికింది. నేనే వద్దన్నాను." చిన్నకోడలు తల దించుకుంది. "పొట్టిదైతే మన బల్లలు పక్కపక్కన వేసుకోవాలిగా. మీరు ఏ ముక్క ఎందుకు తీసేస్తారో ఎంత చూసినా నాకు అంతుపట్టదు. మీ పని చూస్తే కుళ్లుకు చస్తున్నాను అక్కా."

పెద్దకోడలు లేచి తన బల్ల అంచు పట్టుకుంది.

"చూస్తావేం? బల్ల ఆ కొస పట్టు."