తాబేలుకు ఎనభై ఎనిమిది

“మళ్ళీ తాబేలేనా?” అన్నాడు బట్టీ మాస్టరు, గొంతులో నీరసం కనబడనీయకుండా.

“ఊఁ, తాబేలే,” అంది కూతురు, పెట్టెలోంచి డిస్కు తీస్తూ.

వరసగా ఇది ఐదో ఆదివారం.

ఆయన పని బేకరీలో. లోకమంతా ముసుగు తన్ని పడుకున్న వేళ లేచి వెళ్ళి బట్టీ వెలిగించాలి. పిండి పిసకాలి, రొట్టెలు కాల్చాలి, చల్లారాక వ్యానులో వేసుకుని దుకాణం దుకాణానికీ దించి రావాలి. ఇల్లు చేరేసరికి వీధి దీపాలు వెలుగుతాయి. వారంలో ఆరు రోజులు ఇదే వరస. దాంతో నిలబడ్డచోటే నిద్రపోయే విద్య ఆయనకు అబ్బింది. ఒకసారి రొట్టెల పళ్ళెం నెత్తిన పెట్టుకునే గుర్రుపెట్టాడనీ, మెలకువ వచ్చాక లెక్క చూస్తే ఒక్క రొట్టె కూడా జారలేదనీ బేకరీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మిగిలిన ఆ ఒక్క ఆదివారం కూతురిది. పుట్టినరోజుకు కొనిచ్చిన పెట్టెలో పన్నెండు బొమ్మల సినిమాలున్నాయి. అట్టమీద గొడుగు పట్టుకున్న ఉడత. ఆ ఉడత కంపెనీ సినిమాలంటే పిల్లలు పడిచస్తారు, పెద్దలు పిల్లల వంకతో చూస్తారు. అయితే ఎంత చేయి తిరిగిన వంటవాడికైనా ఒకనాడు కూర మాడుతుంది కదా. ఉడత కంపెనీకి మాడిన కూర ఈ తాబేలు సినిమా. ఒక తాబేలు కొండెక్కుతుంది, అంతే కథ. గంటన్నర ఎక్కుతుంది. అది బయల్దేరినప్పుడు మొలకెత్తిన మొక్క, అది పైకి చేరేసరికి చెట్టయి, కాయలు కాసి, ఆ కాయలు రాలి మళ్ళీ మొలకెత్తుతాయట. ‘అట’ అనడం ఎందుకంటే, మాస్టరు ఇన్నాళ్ళూ తాబేలు మొదటి అడుగు వేయడం మాత్రమే చూశాడు. రెండో అడుగు ఎరగడు.

లోకమంతా మొహం మొత్తిందన్న ఆ సినిమా ఈ పిల్లకెందుకు నచ్చిందో ఆయనకు అంతుపట్టలేదు. నచ్చిందనడానికి సాక్ష్యం గోడ బీరువా తలుపు మీదే ఉంది. అక్కడ పిల్ల ఒక కాగితం అంటించింది. తలుపు కొక్కేనికి తగిలించిన తన రెయిన్‌కోటు కాగితం పైభాగాన్ని కప్పేస్తే, కింద వరసగా పన్నెండు పేర్లు, పక్కన అంకెలు. అన్నిటికంటే పైన తాబేలు, ఎనభై ఎనిమిది. తరవాత మబ్బుల గొర్రెలు, డెబ్భై ఒకటి. ఊరూవాడా నెత్తిన పెట్టుకున్న ఎగిరే పడవ అట్టడుగున, నాలుగు. మార్కులా అని ఒకసారి అడిగితే, అలాంటివే అని నవ్వి ఊరుకుంది.

మామూలుగా అయితే మాస్టరు ఈ ఆదివారం కూడా మొదటి అడుగుకే ఒరిగిపోయేవాడే. కానీ పొద్దున భార్య ఒక మాట చెవిన వేసింది. రేపు బళ్ళో పిల్లలంతా ఒక్కొక్కరే లేచి నిలబడి, ఆదివారం నాన్నతో ఏం చేస్తారో చెప్పాలట. తన పిల్ల వంతు వస్తే ఏం చెబుతుంది? మా నాన్న నోరు తెరుచుకుని గుర్రుపెడతాడని చెబుతుంది. క్లాసంతా ఘొల్లుమంటుంది. ఇవాళ ప్రాణం పోయినా రెప్ప వాలకూడదనుకున్నాడు.

రెండు గ్లాసుల చిక్కటి కాఫీ పట్టించాడు. సోఫా వదిలేసి, వీపు ఆన్చడానికి వీల్లేని ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

పిల్ల ఎప్పటిలాగే కర్టెన్లు మూసి, టీవీ సౌండు బాగా తగ్గించి, తలగడ పట్టుకొచ్చింది. పీటమీద తండ్రిని చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

“సోఫాలో కూర్చోవచ్చుగా నాన్నా. నడుం పట్టేస్తుంది.”

“పట్టనీ. నీ తాబేలు సంగతేమిటో ఇవాళ తేల్చేస్తా.”

తాబేలు బయల్దేరింది. మాస్టరు తొడ గిల్లుకున్నాడు. పది నిమిషాలకు కళ్ళలో ఇసుక పోసినట్టయింది. లేచి మొహం కడుక్కొచ్చాడు. తాబేలు అక్కడే ఉంది. దాని డిప్ప మీద గళ్ళు లెక్కపెట్టాడు, పద్నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాడు. మధ్యలో పిల్లవైపు చూస్తే, అది చేదుమందు పుక్కిట పట్టినట్టు కూర్చుని ఉంది. ఒకసారి గోడ గడియారం కేసి, ఒకసారి తండ్రి మొహం కేసి, పరీక్ష హాల్లో కాపలా ఉన్న పంతులమ్మలా చూస్తోంది. తనమీద ఇంకా నమ్మకం కుదరలేదనుకుని మాస్టరు వెన్ను మరింత నిటారుగా చేశాడు.

ఎట్టకేలకు తాబేలు కొండెక్కింది. దానికంటే మాస్టరుకే ఎక్కువ ఆయాసం వచ్చింది.

“మొత్తం చూశావా?” అంది పిల్ల నెమ్మదిగా.

“మొత్తం. రెప్ప వేస్తే ఒట్టు. డిప్ప మీద పద్నాలుగు గళ్ళు. అవునా కాదా?”

పిల్ల పెన్సిలు తీసుకుని బీరువా దగ్గరికి వెళ్ళి, ఎనభై ఎనిమిది కొట్టేసి, పక్కన సున్నా చుట్టింది.

“అదేంటి అమ్మడూ, సున్నానా?”

“ఈ వారం బాగా కుదరలేదు నాన్నా. వచ్చే వారం గొర్రెలు పెడతాలే,” అని తలగడ లోపలికి పట్టుకుపోయింది.

మాస్టరు పీటమీదే కూలబడ్డాడు. ఒళ్ళు హూనం చేసుకుని మేలుకుంటే చేతికొచ్చింది సున్నా. ఇక రేపు క్లాసులో తనకెన్ని వేస్తుందో.

ఇంతలో బయట చినుకులు మొదలయ్యాయి. బళ్ళోకి రంగు కాగితాలు కావాలట, భార్య పిల్లను తీసుకుని దుకాణానికి బయల్దేరింది. పిల్ల కొక్కెం మీది రెయిన్‌కోటు లాక్కుని, తొడుక్కుంటూ తల్లి వెనక పరిగెత్తింది.

ఆ సున్నాను ఇంకోసారి చూద్దామని మాస్టరు నడుం పట్టుకుని లేచి, బీరువా దగ్గరికి వెళ్ళాడు. కోటు తీసేసిన చోట, కాగితం పైన, గుండ్రటి అక్షరాలతో రాసిన శీర్షిక కనబడింది.

“నాన్న నిద్రపోయిన నిమిషాలు.”