హామీపత్రం

“తాళంచెవి ఇవ్వండి సార్,” అంది లెక్కల టీచరు, ఆ వారంలో ఐదోసారి.

హెడ్మాస్టరు విసుగ్గా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. బడికి ఇరవై కంప్యూటర్లు వచ్చి రెండేళ్ళయింది. ప్లాస్టిక్ కవర్లయినా విప్పకుండా వాటిని కంటికి రెప్పలా కాపాడుతున్నాడాయన. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాడు. ఒక్క గీత పడకుండా అప్పగించి వెళ్ళాలని ఆయన పట్టుదల.

ఆమె పట్టుదల ఇంకో రకం. తాళం వేసిన ఆ గది ముందు వరండాలోనే పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి, పుస్తకంలో బొమ్మ చూసి అట్టముక్కల మీద కీబోర్డులు గీయించింది. నెల రోజులుగా ముప్ఫైమందీ ఆ అట్టల మీదే టకటకా వేళ్ళు ఆడిస్తున్నారు. వచ్చేపోయే తల్లిదండ్రులు చూసి నవ్వుతుంటే ఆయనకు తల కొట్టేసినట్టుగా ఉంది.

“తెలియనివాళ్ళు ముట్టుకుంటే పాడైపోతాయమ్మా,” అన్నాడు.

“తెలియనివాళ్ళే ముట్టుకోవాలి సార్. అన్నీ తెలిసినవాళ్ళకి బడెందుకు? పరీక్షలవగానే వీళ్ళు వెళ్ళిపోతారు. అట్టముక్కలు చూసి వెళ్ళమంటారా? ఇవ్వకపోతే రేపట్నుంచి మీ గది ముందే క్లాసు.”

అన్నంత పనీ చేసే మనిషి. ఆయన తెల్లకాగితం లాగి బరబరా రాశాడు: ‘తెలిసిన టీచరుగా, ఈ కంప్యూటర్లలో ఏది పాడైనా పూర్తి బాధ్యత నాదే.’

ఆమె నిదానంగా చదివింది. ఒక్క మాట కొట్టేసి, కింద సంతకం పెట్టి, తాళంచెవి తీసుకుని వెళ్ళిపోయింది. గడుసుది, ‘పూర్తి’ కొట్టేసి ఉంటుందనుకున్నాడాయన.

కాసేపటికి మనసాగక వెళ్ళి కిటికీలోంచి తొంగిచూశాడు. కవర్లన్నీ నేల మీద కుప్పగా పడున్నాయి. ఆమె మొదటి కంప్యూటరు ముందు చేతులు కట్టుకుని నిలబడింది; పిల్లలు చుట్టూ మూగారు.

“ముందు ఏది నొక్కుదాం? మీరే చూసి చెప్పండి,” అంటోంది.

పాఠం చెప్పడమంటే ఇదీ, అంతా పిల్లలచేతే చేయిస్తోంది, అని ఆయన మొదటిసారి ఆమెను మెచ్చుకున్నాడు. తెర వెలిగింది. గది దద్దరిల్లేలా పిల్లలు కేరింతలు కొట్టారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఆమే.

ఆయన తన గదికి తిరిగొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని కాగితం అందుకున్నాడు. ‘పూర్తి’ అలాగే ఉంది. ‘బాధ్యత’ కూడా అలాగే ఉంది.

కొట్టేసిన మాట ‘తెలిసిన’.