ఖాళీ గడి

మూడో బల్ల మీద ఆమె కూర్చునే నిద్రపోతోంది.

గురువారం, పగలు పదకొండు గంటలు. ఆ వేళ ప్రార్థన లేదు, కూడిక లేదు. గాలి ఆడాలని చర్చి తలుపులు తీసి ఉంచారు, అంతే.

చర్చి సెక్రటరీ ఆమె దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నాడు.

ఆమె ఉలిక్కిపడి లేచింది. "పిలిచాడా?"

"ఎవరమ్మా పిలిచేది?"

ఆమె చుట్టూ చూసింది. ఎక్కడున్నదీ అప్పుడు గుర్తొచ్చినట్టుంది. "ఏం లేదండీ. కాసేపు కూర్చుందామని వచ్చాను."

"కూర్చోడానికేనా?"

"అవునండీ."

ఆ మాట ఆయనకి పంటికింద రాయిలా తగిలింది. ముప్ఫై రెండేళ్ళు మిల్లులో టైమ్‌కీపర్‌గా చేసి రిటైరైన మనిషి. చర్చిలో ఆయన్ని చాటుగా ‘గడియారం గారు’ అంటారు. ఎదుట కూడా అంటారు, ఆయనేమీ అనుకోడు. వసారా గోడకి ఆయన తగిలించిన పట్టికలో వారంలోని ప్రతి గంటకీ ఒక గడి, గడిలో ఒక పని, పక్కన చేసేవాళ్ళ పేరు. దేవుడి ఇంట్లో సోమరితనం ఉండకూడదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం అడుగున ఇంకేదో ఉందని ఆయనకీ తెలుసు. అటు తొంగిచూడడు. చేతులు ఖాళీ అయితే, దేవుడి ముందు తనెవరో ఆయనకి తెలియదు.

పట్టికలో గురువారం పదకొండు గంటల గడి ఒక్కటే ఖాళీ.

"ఊరికే కూర్చుంటే ఏమొస్తుందమ్మా? ప్రభువు పని బోలెడుంది. ఇదిగో, బల్లల మీది ఈ దిండ్లు దులిపి పెట్టండి."

ఆమె బల్లకేసి ఒకసారి చూసింది. బస్సు తప్పిపోయిన మనిషి రోడ్డుకేసి చూసినట్టు.

"అలాగేనండీ."

పని తెలిసిన చెయ్యి. బరువైన దిండు కిందికి అరచెయ్యి పోనిచ్చి, ఎక్కడా ఒత్తకుండా, మెల్లగా తిప్పింది. సరిగ్గా పన్నెండుకి పది నిమిషాలుండగా తుడుపుగుడ్డ మడిచిపెట్టి గబగబా వెళ్ళిపోయింది.

వేళ తప్పని మనుషులంటే ఆయనకి ప్రాణం.

"ఒక్క మాటతో సోమరిని సేవకురాలిని చేశాను," అన్నాడు ఇంటికెళ్ళి భార్యతో.

"ఎవరావిడ? ఎక్కడుంటుంది?"

"అడగలేదు. వచ్చే వారం కిటికీలు అప్పజెప్పాలి."

"మీరు పరలోకం వెళ్ళినా దేవదూతలకి షిఫ్టులు వేస్తారు. ఆ రెక్కలు ఊరికే ఆడించకపోతే, ఆ మూల బూజు దులపకూడదూ అంటారు."

ఆయన నవ్వాడు. మెచ్చుకోలనే అనుకున్నాడు.

కిటికీలు అయ్యాయి. పాటల పుస్తకాలకి అట్టలు అయ్యాయి. కొవ్వొత్తుల స్టాండ్లు తళతళలాడాయి. పేరు అడగడం మాత్రం కాలేదు. గడిలో ‘గురువారం అమ్మ’ అని రాసుకున్నాడు.

ఐదో వారం గోడమీది వాక్యం పటం తుడవమన్నాడు. అలసిపోయినవాళ్ళని ప్రభువు రమ్మని పిలిచే వాక్యం. స్టూలెక్కిన ఆమె తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.

"చదువు తర్వాతమ్మా, ముందు పని," అన్నాడాయన, సరదాగానే.

ఆమె స్టూలు దిగింది. "ఇవాళ ఒక్క పది నిమిషాలు కూర్చోనాండీ?"

"ఆ పక్క పటం కూడా అయిపోనివ్వండి. ఆనక కూర్చుందురుగాని."

అది అయ్యేసరికి పన్నెండుకి పది.

తర్వాతి గురువారం ఆమె రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

చర్చి వార్షికోత్సవం దగ్గరపడింది. ఆయన ఒక ప్రశంసాపత్రం అచ్చు వేయించాడు. ‘అలుపెరుగని సేవకురాలు’ అని పెద్ద అక్షరాలు, కింద పేరు కోసం చుక్కలు.

మూడో గురువారం పదకొండింటికి గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ఆయన పత్రం పట్టుకుని ఎదురెళ్ళాడు.

వచ్చింది వేరే ఆవిడ. చేతిలో ఉతికి మడతపెట్టిన తుడుపుగుడ్డ.

"మా పక్కింటి అక్క ఇమ్మందండీ. పొరపాటున సంచిలో వచ్చేసిందట."

"ఆవిడ కోసమే చూస్తున్నాం! రావడం లేదేం? ఎంత పనిమంతురాలండీ!"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "పనేమిటి? అక్క ఇక్కడికొచ్చి పనిచేసేదా?"

ఆయన చేతిలోని పత్రం వీపు వెనక్కి వెళ్ళింది.

"హాయిగా కూర్చుని వస్తున్నానే అనేది నాతో. ఎవరో పెద్దాయన ఉన్నాడట, ఏమీ అడగడట, ఎంతసేపైనా కూర్చోనిస్తాడట. మీరేనా?"

ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.  

"రెండు వారాల కిందటే వంటింట్లో నిలుచున్నచోటే కూలబడింది. వాళ్ళన్నయ్య వచ్చి ఇద్దరినీ ఎక్కడికో దూరం తీసుకుపోయాడు. బండెక్కుతూ ఈ గుడ్డ నా చేతిలో పెట్టింది."

"ఇద్దరినీ అంటే?"

"అక్కనీ, అబ్బాయినీ," అంటూ ఆవిడ లోపలికి తొంగిచూసి, ఖాళీగా ఉన్న బల్లల్లో అక్క కూర్చునేది ఏదో అని వెతుక్కుంది. "పన్నెండేళ్ళుగా మంచంలో కదల్లేకుండా ఉన్న కొడుకుని రాత్రనక పగలనక రెండు గంటలకోసారి పక్కకి తిప్పే మనిషండీ, వారం మొత్తానికి తను కూర్చునేది ఈ ఒక్క గంటే, అదీ వాడి దగ్గర నేను కూర్చుంటే."